బండల ఇల్లు, పెంపుడు జంతువు

ఇల్లు చూచి ఇల్లాలిని చూడవలెనని పెద్దలొక మాట చెప్పినారు. ఇల్లు చూడవచ్చినవారు మొదట చూచునది నేలను. గోడల వన్నె, కప్పు ఎత్తు పిదప కంటబడును. గడప దాటగానే పాదమునకు తగులునది నేల. ఆ నేలపై పిల్లి నడచిన జాడ, కుక్క పొరలిన చోట రాలిన వెంట్రుకలు, ఏ మూలనుండియో వచ్చు వాసన - వీనిని బట్టి ఇంటివారిని తూచుట లోకమునకు అలవాటు. తూచునది ఇల్లాలిని మాత్రమే. కుక్కపిల్లను సంచిలో పెట్టి తెచ్చినవారెవరో, పిల్లికి పాలు పోసి మరపినవారెవరో ఎవరును అడుగరు. ఈ న్యాయము ఎంతవరకు సరియైనదో చివర తలచుకొందము. ముందుగా నేల సంగతి.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణములు మూడును 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రములైనవి. అంతకు ముందు మూడును మహబూబ్‌నగర్ జిల్లాలోనివే. ఈ ప్రాంతపు పాత ఇండ్లలో మనుష్యులు, పశువులు ఒకే ప్రాంగణములో బ్రతికినారు. కొట్టము ఇంటికి ఆనుకొని యుండెడిది. చలికాలపు రాత్రి మేకపిల్లలను లోనికి తెచ్చి గంప క్రింద మూసెడివారు. కోళ్ళు వంటింటి గడపదాక వచ్చెడివి. అప్పటి నేల మట్టినేల. ప్రొద్దుటనే వాకిట సాన్పి చల్లి, వారమునకొకటి రెండుమార్లు లోపల పేడతోను ఎర్రమట్టితోను అలికెడివారు. మేకపిల్ల మూత్రము పోసినచో మట్టి పీల్చుకొనెడిది. మరునాడు ఆ చోట కొత్త మట్టి పడెడిది. నేల పాడగుటయు, నేల మరల పుట్టుటయు నిత్యము జరుగుచుండెడివి.

మట్టి తరువాత కలిగినవారి ఇండ్లలో సున్నపు గచ్చు వచ్చినది. ఆపైన బండలు వచ్చినవి. కృష్ణకు ఉత్తరమున తాండూరు నుండి, సరిహద్దు కావల షాబాదు నుండి, తుంగభద్రకు దక్షిణమున బేతంచెర్ల నుండి నాపబండలు దిగినవి. నేడు వీధి వీధిన కట్టుచున్న ఇండ్లలో టైల్సు పరచుచున్నారు. అద్దమువలె మెరయు ఈ నేలకు మట్టి గుణము లేదు. ఇది తనను తాను మార్చుకొనదు. పడినదానిని పీల్చుకొని దాచుకొనదు. పడినది పైననే నిలుచును, లేదా రెండు పలకల నడుమ సందులోనికి దిగును. కుక్క, పిల్లి మాత్రము ఎప్పటివే. నేల మారినది, జంతువు మారలేదు, మన చేతి అలవాటును పూర్తిగా మారలేదు. చిక్కంతయు ఇక్కడనే కలదు.

మేమెరిగిన ఒక కుటుంబము వనపర్తిలో కలదు. తల్లి, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు, మోతీ అను ఒక కుక్క. పాత ఇల్లు విప్పి కొత్త ఇల్లు కట్టినారు. పెంకుటింటి పంచలో పండుకొన్న మోతీకి కొత్త ఇంట ముందుగది దక్కినది. వానకాలము వచ్చినది. వానలో బయటికి పోనొల్లక మోతీ తలుపు మూల మూత్రము పోయ నారంభించినది. కోడలు దినమునకు మూడుమార్లు కడిగినది. వాసన పోలేదు. కొడుకు అంగడినుండి పాయిఖానా కడుగు ఆసిడ్ సీసా తెచ్చి ఆ మూల పోసినాడు. ఆ రెండు దినములు బాగుగనే యున్నది. మూడవనాటికి వాసన మునుపటికంటె హెచ్చినది. ఒకనాటి రాత్రి కోడలు మరల సబ్బునీళ్ళతో కడిగి, తడి ఆరకమునుపే దీపము తీసినది. నడిరాత్రి తల్లి నీళ్ళకు లేచి ఆ మూల కాలు జారి పడినది. తుంటి యెముక విరిగినది. హైదరాబాదు తీసికొనిపోయి శస్త్రచికిత్స చేయించినారు.

నేరము మోతీపై పడినది. తల్లి ఆసుపత్రిలో ఉండగనే కొడుకు దానిని ఆటోలో ఎక్కించుకొనిపోయి కొత్తకోట దాటినపిదప పెద్దరోడ్డు ప్రక్కన దింపి వచ్చినాడు. తల్లి ఇంటికి వచ్చి మంచము చేరగానే మోతీ ఏదని అడిగినది. సంగతి విన్నది. "కుక్కనేమన్నవు బిడ్డా! నేను జారింది కుక్క మీద కాదు, సబ్బునీళ్ళ మీద" అన్నది. కొడుకు రెండు దినములు ఆ రోడ్డు వెంబడి వెదకినాడు. మోతీ దొరకలేదు.

ఈ కథలో మేము మీకు ముఖ్యముగా చెప్పదలచినది ఇంకొకటి కలదు. కుక్క పోయిన నెలకు కూడ ఆ మూల వాసన పోలేదు. ముసురుపట్టిన ప్రతి దినము వచ్చుచునే యుండెను. కుక్కను వెళ్ళగొట్టిన చేతికి వాసన ఎక్కడనున్నదో తెలియదు. అది ఎక్కడనుండెనో తెలిసినయెడల కుక్కయు ఇంట నిలిచెడిది, తల్లి తుంటియు నిలిచెడిది. కాబట్టి వాసన యెక్కడ దాగునో మొదట చూతము.

జంతువుల మూత్రములో యూరియా అను పదార్థము కలదు. మూత్రము నేలపై నిలిచినపుడు కంటికి కనబడని సూక్ష్మజీవులు ఈ యూరియాను విరిచి అమ్మోనియాగా మార్చును. ముక్కుపుటములను మండించు ఘాటు దీనిదే. అమ్మోనియా గాలిలో కలిసి కొంతసేపటికి పోవును. పిల్లి మూత్రములో యూరిక్ ఆమ్లపు లవణములు కూడ కలవు. ఇవి నీటిలో సులభముగా కరగవు. ఎండినపుడు స్ఫటికములై సందులలో నిలుచును. గాలిలో తేమ హెచ్చగానే మరల వాసన నిచ్చును. ఎండకాలము మరచిపోయిన మూల వానకాలమున జ్ఞాపకము వచ్చుటకు ఇదియే కారణము. మన ముక్కునకు అందని వాసన కుక్కకు, పిల్లికి అందును. అది తన స్థలమని గుర్తించి అదే చోటికి మరల వచ్చును. కొట్టి ప్రయోజనము లేదు. ముఖమును ఆ తడికి రాచుట మన వీధులలో పాత అలవాటు. అది జంతువునకు భయమునే నేర్పును, మరియొక మూలను వెదకించును.

ఆ మూల ఆసిడ్ పోసినందువలన ఏమి జరిగినది? పలకల నడుమ సందులలో నింపునది సిమెంటు. సిమెంటును, సున్నపురాతిని ఆమ్లము తినివేయును. పైన మెరుపు వచ్చినట్లు తోచినను, సందు లోతు పెరిగినది, గరుకైనది. తరువాత పడిన మూత్రము ఆ లోతులోనికి దిగినది. అందువలననే మూడవనాడు వాసన హెచ్చినది.

ఈ సందర్భమున ప్రతి ఇంటివారును తమ నేల ఏ జాతిదో తెలిసికొనుట అవసరము. తాండూరు, షాబాదు, బేతంచెర్ల బండలు సున్నపురాతి జాతివి. వీనిపై నిమ్మరసము, చింతపండు పులుసు, వెనిగరు, ఆసిడ్ - ఏ పులుపు పడినను మెరుపు పోయి మచ్చ పడును. మెరుపు పోయిన చోట రాయి మరింత పీల్చుకొనును. పరీక్ష సులభము. మిగిలిన బండముక్క ఒకటి తీసి విరిగిన అంచున నిమ్మరసము చుక్క వేయుడు. సన్నని బుడగలు వచ్చినచో, లేదా ఆరినపిదప తెల్లని మచ్చ నిలిచినచో అది సున్నపురాయి. మెరుపు పూత గల పింగాణి టైల్సుకు ఈ భయము లేదు, వాని సందులకు మాత్రము కలదు. విట్రిఫైడ్ టైల్సు అని అమ్మునవి నీటిని దాదాపుగా పీల్చవు. వాని పీల్పు నూటికి అరవంతు మించరాదని ప్రమాణము. జంతువులున్న ఇంటికి ఇది మేలు. అయితే వానిలోను నున్ననివి కాక గరుకు తలము గలవానిని కొనుట మంచిది. నున్ననిదానిపై ముసలివారి కాలే కాక, కుక్క కాలును జారును. ముసలి కుక్కల కీళ్ళు ఇందువలన మరింత నొచ్చును.

ఇక నిత్యపు పని. మొదటిది దుమ్ము, బురద. మన మూడు పట్టణముల మట్టి ఒకటి కాదు. గద్వాల, అలంపురము నడుమ, కృష్ణా తుంగభద్రల మధ్యనున్న నడిగడ్డలో నల్లరేగడి మెండు. వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు ఎర్రచెల్కలు మెండు. రేగడి తడిసినపుడు బంకవలె పట్టును. కుక్క కాళ్ళకు అంటివచ్చిన రేగడిని తడిగుడ్డతో తుడువబోయిన ఇల్లంతయు నల్లని పూత పడును. దానిని ఆరనీయవలెను. ఎండిన రేగడి పెళ్ళలై తానే విడును. అప్పుడు ఊడ్చి, ఆపైన తుడువవలెను. చెల్క దుమ్ము దీనికి విరుద్ధము. అందులో గట్టి ఇసుక రేణువులుండును. పొడినేలపై ఊడ్వక ముందే తడిగుడ్డ వేసినచో ఆ రేణువులు గుడ్డ క్రింద ఆకురాయివలె పనిచేసి టైల్సు మెరుపును గీరును. కాబట్టి చెల్క ప్రాంతపు ఇంట ముందు మెత్తని చీపురు, పిదప గుడ్డ. ఉభయులకును పనికివచ్చునది గడప బయట పరచిన గోనెపట్ట. కుక్కను దానిపై రెండు నిమిషములు నిలిపి కాళ్ళు తుడిచి లోనికి పిలుచుట అలవాటు చేసినచో సగము పని గడపవద్దనే తీరును.

రాలిన వెంట్రుకలకు తడి శత్రువు. తడినేలపై వెంట్రుకలు అంటుకొని గుడ్డవెంట మూల మూలకు చేరును. పొడిగా నున్నపుడే ఊడ్వవలెను. అంతకన్న సులభమైనది దినమునకొకసారి కుక్కను, పిల్లిని వాకిట కూర్చుండబెట్టి దువ్వుట. దువ్వెనకు వచ్చిన వెంట్రుక నేలకు రాదు. ఈ పనికి పిల్లలను పెట్టవచ్చును; జంతువునకు వారు మరింత చేరువ యగుదురు.

రెండవది మూత్రము. పడిన వెంటనే నీరు పోయరాదు. నీరు పోసిన అది పరచుకొని సందులకు పోవును. ముందు పాత నూలుగుడ్డ గాని, కాగితము గాని వేసి ఒత్తి పీల్చవలెను. రుద్దరాదు. పిదప ఆ చోట మాత్రమే సబ్బుపొడి కలిపిన గోరువెచ్చని నీటితో పాత పళ్ళకుంచె పెట్టి సందులను తోమవలెను. తరువాత మంచినీటితో రెండుమార్లు కడిగి పొడిగుడ్డతో తుడువవలెను. పాత వాసన దిగిన సందులకు ఎంజైములు కలిపి తయారుచేసిన ద్రావణములు అంగడులలో దొరకుచున్నవి. అవి కరగని లవణములను విరుచును. వానిని పోసి వెంటనే తుడిచినచో ఫలము లేదు. సీసాపై వ్రాసినంతసేపు తడిగా ఉండనీయవలెను. ఆమ్లము తినివేసిన సందునకు ఏ ద్రావణమును పనిచేయదు. పాత సిమెంటును గీకించి కొత్తగా పూయించుటయే దారి. సగము దినము పని. వనపర్తి ఇంటివారు చివరకు ఆ పని చేయించినారు. వాసన పోయినది.

ఇచట నీటిని గురించి ఒక మాట. మన ప్రాంతపు బోరు నీళ్ళు చాలచోట్ల కఠిన జలములు. అందులోని సున్నము సబ్బుతో కలిసి తెల్లని తెట్టయై నేలపై నిలుచును. తెట్టకు దుమ్ము, వెంట్రుక అంటుకొనును. ఎంత తుడిచినను నేల మసకగా నుండునని చెప్పు ఇల్లాండ్రు సబ్బు తగ్గించి చూడవలెను. నల్లా నీరు వచ్చునపుడు రెండు బిందెలు నేల తుడుచుటకు పట్టియుంచుట మేలు. కుంకుడుకాయ కఠిన జలములోను నురుగు నిచ్చును, సబ్బువలె తెట్ట కట్టదు. నల్లమలలో చెంచులు తేనె, జిగురులతో పాటు కుంకుడుకాయలను కూడ ఏరి తెత్తురు. పిడికెడు కాయలు రాత్రి నానబెట్టి, పిసికి, వడకట్టిన రసము ఒక బకెట్టునకు చాలును. అది కంటబడిన మండును. కావున పిల్లలకు, జంతువులకు దూరముగా ఉంచి, పిదప మంచినీటితో నేలను తుడువవలెను.

మూడవది మలము. ఇది కేవలము శుభ్రతకు సంబంధించినది కాదు, ఆరోగ్యమునకు సంబంధించినది. ప్రాకుచున్న బిడ్డ గల ఇంట ఇది ప్రాణముతో సమానము. బిడ్డ నేలపై చేతులు పెట్టి, ఆ చేతులనే నోట పెట్టుకొనును. కుక్కపిల్లల మలములో నులిపురుగుల గ్రుడ్లు ఉండవచ్చును. మలము పడిన క్షణముననే ఆ గ్రుడ్లు మనుష్యునకు అంటవు. అవి ముదిరి అంటు శక్తి పొందుటకు రెండు వారములు, అంతకు మించియు పట్టును. పిల్లి మలములో వచ్చు టాక్సోప్లాస్మా అను జీవికి 1 నుండి 5 దినముల వ్యవధి కావలెను. ఈ లెక్కలోనే మనకు రక్ష కలదు. ఏ దినపు మలమును ఆ దినమే తీసివేసిన ఇంట ఈ రెండును ముదురుటకు వ్యవధి దొరకదు. పిల్లికి ఇసుక తట్ట పెట్టినవారు దానిని దినమున కొకమారు తప్పక శుభ్రము చేయవలెను. గర్భవతియైన స్త్రీ ఆ పని చేయరాదు; టాక్సోప్లాస్మా గర్భస్థ శిశువునకు హాని చేయగలదు. ఆ నెలలలో ఇసుక తట్ట ఇంటి మగవాని వంతు. ఈ జీవుల గ్రుడ్లను బ్లీచింగు పొడి చంపలేదు. సలసల కాగిన నీరు చంపును. కావున తట్టను వారమున కొకసారి మరిగించిన నీటితో కడుగవలెను. కుక్కపిల్లలకు, పిల్లికూనలకు పశువైద్యుని అడిగి నులిపురుగుల మందు వేళ తప్పక వేయించుట అన్నిటికంటె ముందు పని. పసిబిడ్డకు దినదినము మనము నేల తుడుచుట ఎంతయో, ఆ మందు అంత. కుక్కకు, పిల్లికి రేబీస్ టీకాయు వేయించి యుండవలెను.

కోళ్ళు లోనికి వచ్చు ఇండ్లలో వాని రెట్టలనుండి కడుపు జబ్బుల క్రిములు వంటింటికి చేరును. వంటగది గడపకు అడ్డముగా మోకాలెత్తు పలక యొకటి పెట్టిన చాలును.

క్రిమిసంహారక మందుల సంగతికి వత్తము. ముందు కడుగవలెను, ఆపైన మందు. మురికి మీద పోసిన మందు మురికికే ఖర్చగును. బ్లీచింగు పొడి మంచిదైనచో లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున, అనగా 10 లీటర్ల బకెట్టుకు 30 గ్రాములు చాలును. 10 నిమిషములు నేలపై ఉంచి మంచినీటితో తుడువవలెను. విప్పిన పొట్లము గాలికి, తేమకు శక్తి పోగొట్టుకొనును. మూత బిగించి ఉంచవలెను. రంగు బండలపై మొదట ఒక మూల పరీక్షించి చూడవలెను. తుడిచిన నేల పూర్తిగా ఆరువరకు జంతువును, బిడ్డను లోనికి విడువరాదు.

ఇక గట్టిగా చెప్పవలసిన మాట. బ్లీచింగు పొడిని ఆసిడ్‌తో ఎన్నటికిని కలుపరాదు. ఒకటి పోసిన చోట కడుగక రెండవది పోయరాదు. ఈ రెండును కలిసినపుడు క్లోరిన్ వాయువు పుట్టును. 1915 ఏప్రిల్ 22న మొదటి ప్రపంచయుద్ధములో బెల్జియము దేశపు ఈప్రె అనుచోట సైనికులపై విడిచిన విషవాయువు ఇదియే. మూసిన స్నానపుగదిలో కొంచెము పుట్టినను ఊపిరితిత్తులు దెబ్బతినును. మూత్రము పడిన చోట కడుగక బ్లీచింగు పోసినను, అందులోని అమ్మోనియాతో కలిసి క్లోరమైన్ వాయువులు పుట్టును; దగ్గు, కంటిమంట వచ్చును. అట్లు జరిగినచో తుడుచుట మాని వెంటనే వెలుపలికి రావలెను, తలుపులన్నియు తెరువవలెను, ఆయాసము తగ్గనియెడల వైద్యునికడకు పోవలెను. ఎక్కువ మందులు కలిపిన ఎక్కువ శుభ్రమగునను భ్రమ మన ఇండ్లలో బలముగా నాటుకొన్నది. పనిమనిషి చేతికి రెండు సీసాలు ఇచ్చి పోవునట్టి ఇంటివారు ఈ మాట ఆమెకు విప్పి చెప్పవలెను. సీసాపై అక్షరములు ఆమెకు చదువరానివి కావచ్చును. ఆమె ఊపిరియు మన ఊపిరివంటిదే.

ఫినాయిలు వాసన రాని ఇల్లు శుభ్రమైనది కాదని కొందరి నమ్మకము. పిల్లి గల ఇంట ఆ నమ్మకమును విడువవలెను. నల్ల ఫినాయిలులో ఫినాల్ జాతి పదార్థములు కలవు. మనుష్యుని కాలేయము వీనిని కొంతవరకు విరిచి వెడలించును. పిల్లి కాలేయమునకు ఆ శక్తి చాల తక్కువ. ఫినాయిలు తుడిచిన తడినేలపై పిల్లి నడచును, పిదప తన పాదములను నాకికొనును. విషము అట్లు లోనికి పోవును. అలమారలలో వేయు నాఫ్తలీను ఉండలును పిల్లికి, కుక్కకు చెడ్డవే.

ఇంతకంటె పెద్ద ప్రమాదము నడిగడ్డ ఇండ్లలో కలదు. పత్తి విత్తనముల సాగుకు ఆ ప్రాంతము పేరుపొందినది. పొలమునకు తెచ్చిన పురుగుమందు డబ్బాలో అడుగున కొంత ఇంట మిగులును. కుక్కకు పిడుదులు పట్టినవని ఆ మందును నీట కలిపి దాని ఒంటికి పూయుట, గదిలో చల్లుట కొందరు చేయుదురు. జంతువు దానిని నాకును. బిడ్డ ఆ నేలపై ప్రాకును. నేలపై చల్లిన మందు గాలికి ఎగిరిపోవునని తలచరాదు. ఎండ, వాన తగులని గదిలో అది పొలములో కంటె ఎక్కువ దినములు నిలుచును. పొలము మందు గడప దాటి లోనికి రారాదు. పిడుదులకు పశువైద్యశాలలో తగిన మందు కలదు. జంతువు బరువును బట్టి దాని మోతాదు వేరగును. మనవంతు పని సందులను చూచుకొనుట. ఆడ పిడుదు కడుపునిండ రక్తము త్రాగి, కుక్కను విడిచి, గోడ పగుళ్ళలోను, తలుపు చట్రము వెనుకను చేరి వేలకొద్ది గ్రుడ్లు పెట్టును. గెంతుచు తిరుగు చిన్న పురుగుల గ్రుడ్లును జంతువు పండుకొను చోట రాలి సందుల దుమ్ములో పెరుగును. కుక్క ఒంటికి మాత్రము మందు వేసి పగుళ్ళను పూడ్వనిచో నెల తిరుగకమునుపే మరల అదే కథ. జంతువు పడకగుడ్డను వారమునకొకసారి వేడినీట ఉతికి ఎర్రని ఎండలో ఆరవేయవలెను. పాలమూరు ఎండ ఖర్చులేని మందు.

ఎండను గూర్చి వచ్చినది కావున ఒకటి చెప్పుదుము. వేసవిలో మన ప్రాంతమున ఎండ 40 డిగ్రీలు దాటును. ఆ వేళ ఇంటిలో చల్లని చోటు బండల నేలయే. కుక్క కడుపు నేలకు ఆనించి పండుకొనుట మొండితనము కాదు. దానిని వెలుపలికి తరుమక, కిటికీ లేని ఒక మూలను దానికి ఏర్పరచి, అన్నము గిన్నె, నీటి గిన్నె ఒక వెడల్పు పళ్ళెములో పెట్టినచో మెతుకులు నేలకు రావు, చీమలు పట్టవు. దాని తావు దానికి తెలిసినపుడు మన తావునకు అది రాదు.

ఇంత చెప్పినదానిలో ఒక్క మాట గుర్తుంచుకొనుమని ఎవరైన అడిగినయెడల, నేలను ఆరబెట్టుడని మేము చెప్పుదుము. తుడుచుట సగము, ఆరబెట్టుట సగము. ఎలుకల మూత్రమువలన, ఒక్కొక్కప్పుడు కుక్క మూత్రమువలన వచ్చు లెప్టోస్పైరా క్రిమి తడిలో బ్రతుకును, ఎండిన నేలపై చచ్చును. కొంకిపురుగు పిల్లలకు తడి కావలెను. వాసన తడిలో లేచును. కాలు తడిలో జారును. రాత్రి పడుకొనబోవుముందు నేల కడుగరాదు. కడుగవలసి వచ్చినచో పొడిగుడ్డతో తుడిచి, పంకా తిప్పి, ఆరినదని అరచేతితో చూచి దీపము తీయవలెను. ముసలివారు రాత్రి లేచు దారిలో చిన్న దీపము వెలుగనీయవలెను. ఇందులో పైసా ఖర్చు లేదు.

చివరగా మొదటి మాటకు వత్తము. ఇల్లు చూచి ఇల్లాలిని చూడుమన్నారు గదా. జంతువును పెంచుదమని పట్టుపట్టువారు ఒకరు, నేల తుడుచువారు మరియొకరు అయిన ఇంట, ఎప్పుడో ఒకనాడు ఆ తుడుచువారి ఓపిక తీరును. తీరిననాడు శిక్ష పడునది నోరులేని జీవికి. పెంచినదానిని ఆకలికి, దప్పికకు గురియగునట్లు విడిచిపెట్టుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము. చట్టము మాట అటుండగా, నమ్మి ఇంటికి వచ్చినదానిని దారిలో దింపిన ఇంటివారి మనస్సు చాలకాలము తేలిక పడదు. వనపర్తి కొడుకు నేటికిని కొత్తకోట దారిన పోవునపుడు బండి నెమ్మది చేయునని విన్నాము.

కాబట్టి కుక్కపిల్లను తెచ్చు దినముననే ఇంట పని పంచుకొనవలెను. దువ్వుట పిల్లలది. ప్రొద్దున, మాపున, అన్నము తిన్న వెంటనే, నిద్ర లేచిన వెంటనే వెలుపలికి తీసికొనిపోవుట తెచ్చినవారిది. వానలోనైనను గొడుగు పట్టుకొని పోవలెను. మోతీకి ఆ గొడుగు పట్టినవారు లేకపోయిరి. మూత్రము పడినచో ముందు చూచినవారే గుడ్డ వేయవలెను, కోడలిని పిలువరాదు. పిడుదుల మందు, టీకా, నులిపురుగుల మందు తేదీలు గోడమీది క్యాలెండరులో గుర్తుపెట్టుట చదువు వచ్చిన ఎవరి పనియైనను కావచ్చును. ఇట్లు పంచుకొన్న ఇంట నేల మెరయుచునే యుండును, కుక్కయు తన మూలన నిశ్చింతగా పండుకొనును. అప్పుడు ఇల్లు చూచినవారు ఇంటిల్లిపాదిని చూచినట్లగును.